ఎకో క్లబ్బులో ఎప్పుడూ ఆ పన్నెండు మందేనా?

ప్రశ్న:

కోనసీమలో ఏటిగట్టుకు దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతున్నాను. ఎకో క్లబ్బు బాధ్యత కూడా నాదే. వక్తృత్వం, పోస్టర్లు, ర్యాలీ, మొక్కలు నాటడం అన్నీ చేయిస్తాను. ఏది పెట్టినా ముందుకొచ్చేది మాత్రం ఎప్పుడూ ఆ పన్నెండు మందే. ఎనిమిదో తరగతిలో చూపు బాగా తక్కువున్న అమ్మాయి ఉంది. తొమ్మిదో తరగతిలో వినపడని అబ్బాయి ఉన్నాడు. ఏటి నడుమ లంక నుంచి వచ్చే పిల్లలు సాయంత్రం బెల్లు కొట్టగానే ఏరు దాటించే పంటు కోసం పరుగెత్తాలి. వేటకు వెళ్ళే ఇళ్ళ పిల్లలు తరచూ బడి మానేస్తారు. రొయ్యల చెరువులున్న ఇంటి కుర్రాడొకడు పర్యావరణం మాటెత్తితే తల దించుకుంటున్నాడు. ‘ఆసక్తి ఉన్నవాళ్ళతో కానిచ్చెయ్యండి, అందరినీ లాగితే పని సాగదు’ అంటున్నారు హెడ్మాస్టరు గారు. వాతావరణ మార్పు మీద చేసే పనిలో బడిలోని పిల్లలందరినీ కలపడం అయ్యే పనేనా? పట్టుబట్టి కలిపితే వాళ్ళను ఇంకా ఇబ్బంది పెట్టినట్టు అవుతుందేమోనని భయం కూడా ఉంది.

(ఒక టీచరు, కోనసీమ జిల్లా)

సమాధానం:

టీచరు గారూ, అయ్యే పనే. ముందు మీరు ‘రావడం లేదు’ అని రాసిన పిల్లల వరస ఒకసారి మళ్ళీ చదవండి. గోదారి పొంగితే మొదట దారి మూసుకుపోయేది లంక పిల్లలకు. తుఫాను హెచ్చరిక వస్తే మొదట పని ఆగేది వేట మీద బతికే ఇళ్ళలో. అర్ధరాత్రి ఆటోకు మైకు కట్టి ‘అందరూ షెల్టరుకు వెళ్ళండి’ అని చెప్పుకుంటూ పోతే ఆ మాట చేరనిది మీ తొమ్మిదో తరగతి అబ్బాయికి. కరెంటు పోయి, కొబ్బరి చెట్లు దారికి అడ్డంగా పడ్డాక అలవాటైన దారే కొత్తదైపోయేది మీ ఎనిమిదో తరగతి అమ్మాయికి. చెరువు కట్ట తెగితే అప్పుల పాలయ్యేది తల దించుకున్న ఆ కుర్రాడి ఇల్లు. వాతావరణ మార్పు ముందుగా ఎవరి గుమ్మం తొక్కుతుందో వాళ్ళంతా మీ క్లబ్బు బయటే ఉన్నారు. లోపలున్న పన్నెండు మందీ మంచి పిల్లలే, కానీ వాళ్ళు చెప్పేది చాలావరకు పుస్తకంలోంచి వస్తున్న మాట.

కాబట్టి ఆ పిల్లలకు ఆసక్తి ఎలా పుట్టించాలా అని బెంగపడకండి. వాళ్ళు లేకపోతే సాగని పనిని ఎంచుకోండి. మీ భయానికి కూడా అదే మందు. ‘పాపం, నువ్వూ రా’ అని పిలిస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. ‘ఇది నీకే తెలుసు, నువ్వొచ్చి చెప్పాలి’ అంటే ఎందుకు చిన్నబుచ్చుకుంటారు?

ఇప్పుడు చేస్తున్న కార్యక్రమాలను ఆ కళ్ళతో చూడండి. వక్తృత్వం అంటే పుస్తకాల తెలుగు నోరు తిరిగినవాళ్ళకు. పోస్టరు అంటే చూపున్నవాళ్ళకు, అందులోనూ చార్టూ రంగులూ కొనుక్కోగలిగినవాళ్ళకు. ర్యాలీ నడవగలిగినవాళ్ళకు. బడి అయ్యాక పెట్టే మీటింగు పంటు ఎక్కాల్సిన పని లేనివాళ్ళకు, చీకటి పడకముందే ఇల్లు చేరాలన్న కట్టడి లేని మగపిల్లలకు. 2024 నుంచి నడుస్తున్న ‘అమ్మ పేరుతో ఒక మొక్క’ కార్యక్రమంలోనూ జాగ్రత్త కావాలి. మన జిల్లాల్లో కువైట్‌కో మస్కట్‌కో ఇంటి పనికి వెళ్ళిన తల్లులు ఎందరో మీకు తెలుసు. తల్లిని పోగొట్టుకున్న పిల్లలూ ప్రతి బడిలో ఉంటారు. తల్లితో కలిసి ఫొటో తెమ్మంటే ఆ రోజు వాళ్ళు బడి మానేస్తారు. పెంచుతున్న అమ్మమ్మ పేరో, పెద్దమ్మ పేరో పెట్టుకోవచ్చని ముందే అందరికీ కలిపి చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక అసలు పనికి వద్దాం. నన్ను అడిగితే మొదటి పని హాజరు పట్టీతో పెట్టుకోండి. మీ బీరువాలో వెనకటి ఏళ్ళ రిజిస్టర్లు ఉండే ఉంటాయి. కరోనాతో బడులు మూతబడిన కాలం వదిలేసి, దొరికినన్ని ఏళ్ళవి బయటికి తీయండి. ఏ నెలలో, ఏ ఊరి పిల్లలు, ఎన్ని రోజులు రాలేదో పిల్లల చేతే లెక్క కట్టించండి. పేర్లు వద్దు, ఊళ్ళ వారీగా చాలు. రిజిస్టరు మీ చేతిలోనే ఉంచుకుని అంకెలు మాత్రం చదివి చెప్పండి. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వారం లంక ఊళ్ళ వరసలో ఎన్ని గైర్హాజర్లు ఉన్నాయో, గట్టుకు ఇవతలి ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన పెడితే ఆ తేడా పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాక, సెలవులు అయిపోయి బడి తెరిచిన తర్వాత కూడా ఎవరు ఎన్నాళ్ళు రాలేకపోయారో చూడండి. ఒంటిపూట బడుల రోజుల్లో ఎండదెబ్బకు, వరద తీశాక జ్వరాలకు మానేసినవీ విడిగా గుర్తించండి.

ఈ లెక్కను గోడ మీద పెట్టేటప్పుడు రంగులతో ఆపెయ్యకండి. వరద రోజుకు చింతపిక్క, తుఫాను రోజుకు కందిపప్పు బద్ద, ఎండకు వడ్లగింజ చొప్పున బంకతో అంటించండి. చూపు తక్కువున్న అమ్మాయి వేలితో తడిమి ‘జులై, ఆగస్టుల్లో చింతపిక్కలు గుత్తులుగా ఉన్నాయండీ’ అని చెప్పగలుగుతుంది. కళ్ళున్నవాళ్ళకూ ఆ గుత్తులు అంకెలకంటే బాగా గుర్తుంటాయి. గట్టుకు ఇవతలే ఎక్కువ గింజలు పడ్డ నెలలు కూడా ఉండొచ్చు. అక్కడ మురుగు కాలువ ఎగదన్నిందా, రోడ్డు మునిగిందా అని ఆ ఊరి పిల్లల్నే అడగండి.

అప్పటిదాకా ‘రెగ్యులర్‌గా రారు’ అని పేరుపడిన పిల్లలు ఈ పనిలో సాక్షులవుతారు. ‘ఆ రోజు ఎందుకు రాలేదు’ అని టీచరు అడిగితే అందులో మందలింపు ఉంటుంది. అదే ప్రశ్నకు జవాబు లెక్కలోకి ఎక్కుతుందంటే పిల్లలు నోరు విప్పుతారు. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు కదా. మీ ఊరి కాజ్‌వే ఎన్ని లక్షల దగ్గర మునుగుతుంది, ఎన్ని లక్షలకు పంటు ఆపేస్తారు, ఆ తర్వాత ఎవరి పడవ మీద వస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఏ వెబ్‌సైట్లోనూ ఉండదు, లంక నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లాడి దగ్గర ఉంటుంది. నాలుగైదు వరదలకు ఆ లెక్క రాసుకుంటే మీ బడికి సొంత హెచ్చరిక పట్టిక తయారైనట్టే. ఎగువన ఎంత నీరుంటే ఎవరిని ఎన్ని గంటలకు ఇంటికి పంపెయ్యాలో హెడ్మాస్టరు గారు దాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం పిల్లలకు నిజాయితీగా చెప్పండి. ఏదో ఒక వరదను చూపించి ‘ఇది వాతావరణ మార్పు వల్లే’ అని తేల్చెయ్యడం సైన్సు కాదు. 1986 ఆగస్టు వరదను తలుచుకునే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గోదారికి వరద కొత్త కాదు. గాలి 1 డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలుగుతుంది, అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్నాయి. మన పిల్లలకు కావలసింది ఈ కారణం తెలియడం, ఏళ్ళ తరబడి సొంతంగా రాసుకున్న లెక్క చేతిలో ఉండడం.

వాన కొలిచే పని చూపు తక్కువున్న ఆ అమ్మాయికి అప్పగించండి. నిట్టనిలువు గోడలున్న పొడుగాటి డబ్బా ఒకటి తీసుకోండి. పైన వెడల్పు, కింద సన్నం అయితే కొలత తప్పుతుంది. కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని అర సెంటీమీటరుకొక దారపు ముడి వేయండి, ప్రతి పదో ముడి లావుగా ఉండాలి. ఈనె అడుగున చిన్న థర్మోకోల్ ముక్క గుచ్చండి. డబ్బాకు సరిపడే మూత చూసుకుని నడిమధ్యన ఈనె జారేంత బెజ్జం చేయండి. రాత్రీ పగలూ డబ్బా నోరు తెరిచి ఆరుబయట, చెట్టూ చూరూ దగ్గర లేని చోట ఉండాలి. వాతావరణ శాఖ వాళ్ళు ఒక రోజు వానను ఉదయం 8:30కి లెక్క తీస్తారు, మీరూ అప్పుడే తీయండి. ఆ వేళకు థర్మోకోల్ లోపల వేసి మూత పెడితే నీటితోపాటు ఈనె పైకి లేస్తుంది. మూత పైకి వచ్చిన ముడులను బొటనవేలితో లెక్కపెట్టడమే. ముందుగా డబ్బాలో కచ్చితంగా 5 సెంటీమీటర్ల నీళ్ళు పోసి, ఎన్ని ముడులు పైకి వస్తున్నాయో చూసుకుని సరిచేసుకోండి. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాతావరణ శాఖ లెక్క. ముడుల్లో పదమూడు లేస్తే భారీ వర్షం అన్నమాట. ప్రార్థన సమయంలో ఆ అంకెను ఆ అమ్మాయే చదవాలి. చూపున్న పిల్లవాడు పక్కన నిలబడి రిజిస్టర్లో ఎక్కిస్తాడు. ఆ అమ్మాయి రాని రోజున కూడా స్కేలుతో చూడకుండా వేలితో ముడులే లెక్కపెట్టమనండి. అప్పుడే అది ఆ అమ్మాయి పరికరంగా నిలుస్తుంది, ఏడాది పొడుగునా కొలత ఒకే తీరున ఉంటుంది.

వినపడని అబ్బాయి సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, అక్కడ ప్రాణాల మాట ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. అప్పటికీ ఇప్పటికీ హెచ్చరికలు ఎంతో మెరుగుపడ్డాయి. ఫోన్లో సైరనుతో సందేశం వస్తుంది, మైకులో చెబుతారు, సిబ్బంది అరుస్తూ తిరుగుతారు. నిద్రలో ఉన్నవాణ్ణి లేపేవి మాత్రం అన్నీ చెవికే. మీ బడి తుఫాను ప్రణాళిక తయారుచేసే జట్టుకు ఈ అబ్బాయిని పెద్దను చేయండి. ‘నిద్రలో ఉన్నవాణ్ణి ఎలా లేపాలి? కరెంటు లేకపోతే దూరం నుంచి ఎలా చెప్పాలి?’ అని అతన్నే అడగండి. టార్చి మూడుసార్లు వెలిగించి ఆర్పడం, వాటర్ ట్యాంకు మీద జెండా రంగు మార్చడం, పక్కింటి స్నేహితుడు వచ్చి భుజం తట్టి లేపడం వంటివి అతనే ఎంచుకోనివ్వండి. ఆ సైగలు తరగతి మొత్తం నేర్చుకోవాలి. భారతీయ సంజ్ఞా భాషలో 10,000 పదాల నిఘంటువు వీడియోలతో సహా ఉచితంగా దొరుకుతోంది. వరద, గాలి, నీరు, ప్రమాదం, పద, ఆగు లాంటి ఇరవై ముప్పై సైగలు వారానికి నాలుగైదు చొప్పున నేర్చుకుంటే సంక్రాంతి సెలవుల్లోపు అందరికీ వచ్చేస్తాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది కదా, అక్కడి టీచరును నెలకొకసారి పిలవండి. హోరుగాలిలో, పడవ ఇంజను చప్పుడులో, గట్టు మీదనుంచి అవతలి ఒడ్డుకు ఆ సైగలు చెవులున్నవాళ్ళకూ పనికొస్తాయి.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం విపత్తుల్లో దివ్యాంగులకు మిగతావారితో సమానంగా రక్షణ కల్పించాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళ వివరాలు రాసి ఉంచుకుని, ప్రమాదం సంగతి వాళ్ళకు తెలిసేలా ఏర్పాటు చేయాలి. మీ బడి పిల్లల వివరాలు అందులో ఉన్నాయో లేదో తహసీల్దారు గారి ఆఫీసులో అడుగుతూ, తల్లిదండ్రుల ఒప్పుదలతో పిల్లలే అర్జీ రాయొచ్చు. మీ ఊరి తుఫాను షెల్టరుకు ర్యాంపు ఉందా, ఉన్నా దాని మీద ధాన్యం బస్తాలు పెట్టారా, మరుగుదొడ్డి తలుపు ఎంత వెడల్పు ఉంది అని టేపుతో కొలిచి ఆ అర్జీకి జతచేయండి. నా దృష్టిలో పది ర్యాలీలకంటే ఈ ఒక్క అర్జీ విలువైన వాతావరణ కార్యక్రమం.

వేటకు వెళ్ళే ఇళ్ళ పిల్లల గురించి. వాళ్ళను క్లబ్బు మీటింగులకు రమ్మనడం మాని, సముద్రం సంగతి వాళ్ళు చెబుతుంటే మిగతావాళ్ళు రాసుకునేలా చేయండి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దదనీ, అష్టమికి తగ్గుతుందనీ, రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుందనీ వాళ్ళకు నాన్న వెనక తిరుగుతూనే తెలిసిపోతుంది. మీ ఊరి మురుగు కాలువ పెద్ద పోటు వేళ ఎదురు నడుస్తుందా అని అడగండి. డెల్టా దిగువ ఊళ్ళలో వాన నీరు దిగకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి, సముద్రం పోటు మీద ఉంటే కాలువ నీటికి పోయే దారే ఉండదు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు మురుగు నీరు దిగని బాధ కూడా వాళ్ళ గోడులో ఉంది. సముద్ర మట్టం ప్రపంచ సగటున 1901 నుంచి 2018 మధ్య 20 సెంటీమీటర్లు పెరిగింది. ఆ అంకె పాఠంగా చెబితే పిల్లలు రాసుకుని మర్చిపోతారు. వంతెన స్తంభానికి 20 సెంటీమీటర్లకొక గీత గీసి, పోటుకు నీరు ఏ గీత దాకా ఎక్కిందో ఆ పిల్లలు వారానికి రెండుసార్లు చూసి చెబుతుంటే అదే అంకె సొంతమవుతుంది. నీటి దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం పెద్దవాళ్ళు తోడు లేకుండా ఎవరినీ పంపకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి తండ్రులు ఇళ్ళ దగ్గరే ఉంటారు. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజుల్లోనే ఒక తండ్రిని పిలిచి గంటసేపు మాట్లాడించండి. పిల్లాడికి బడి మీద గౌరవం పెరిగే రోజు అది.

లంక పిల్లల సమయం విషయంలో పెద్దగా చెప్పడానికేమీ లేదు. క్లబ్బు పని మొత్తం బడి వేళల్లోనే జరగాలి. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంటైనా చాలు.

రొయ్యల చెరువు కుర్రాడి దగ్గర చాలా ఓర్పు కావాలి. అతని తండ్రి చెరువు తవ్వినందుకు అతను తల దించుకోవడం న్యాయం కాదు. వరి గిట్టుబాటు కాక, ఊరంతా తవ్వుతుంటే తవ్వినవాళ్ళు వేలమంది. మరోవైపు అదే తరగతిలో, చెరువు పక్కనే ఇల్లుండి బోరు నీళ్ళు ఉప్పగా మారి బిందెడు మంచినీళ్ళకు సైకిలు తొక్కే పిల్ల కూడా ఉంటుంది. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టే పని చర్చ కాకూడదు, చర్చ పెడితే అది తగవవుతుంది. కొలత పెట్టండి. నీటిలో కరిగిన లవణాలు చూసే టీడీఎస్ మీటరు వెయ్యి రూపాయలలోపే వస్తుంది. ఎవరింటి నీళ్ళు వాళ్ళు సీసాలో తెస్తారు. సీసా మీద పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం. నెలకొకసారి కొలవండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసిన రోజుల్లో, సెలవులైనా సరే, ఒకసారి తప్పకుండా కొలవండి. కాలువలో మంచినీరు పారినన్నాళ్ళూ నేలలోకి ఇంకి ఉప్పును కిందికి అదిమిపెడుతుంది, కట్టేశాక ఉప్పు పైకి వస్తుంది. చెరువుల ప్రభావం, సముద్రం ప్రభావం, బోర్లు ఎక్కువ లోతుకు దింపిన ప్రభావం ఎక్కడ ఏది ఎక్కువో అంకెలు పెరిగేకొద్దీ పిల్లలకే అందుతుంది. చెరువు నీటిలో ఉప్పు శాతం, నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు అయ్యే కరెంటు, ఎండ ముదిరితే రొయ్యకు గాలి అందకపోవడం ఇవన్నీ ఆ కుర్రాడికి తెలిసినంతగా మీకూ నాకూ తెలియవు. వేడి పెరిగితే మొదట దెబ్బ తినేది ఆ చెరువే కాబట్టి అతను నేరస్తుడిగా కాకుండా తెలిసినవాడిగా మాట్లాడతాడు. చెరువుల మీద పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉంటే వాళ్ళ ఊళ్ళలోనూ తుఫానులు, షెల్టర్లు ఉన్నాయి. వాళ్ళు బొమ్మ గీసి చెప్పినా రికార్డులో చేర్చండి.

ఇక్కడ ఒక విషయం మొహమాటం లేకుండా రాయాలి. స్వచ్ఛత కార్యక్రమం రోజున చీపురు ఎవరి చేతికి వెళుతోంది? గుంట తవ్వమని మగపిల్లల్నీ, ఊడవమని ఆడపిల్లల్నీ పంపుతున్నామా? మరుగుదొడ్ల వైపు, ఎంగిలి ఆకుల వైపు ఎప్పుడూ ఒక పేట పిల్లలే వెళుతున్నారా? ‘అందరూ పాల్గొన్నారు’ అని ఫొటో కింద రాసే ముందు ఇది చూడాలి. ఊళ్ళో తరతరాలుగా ఎవరి మీద మోపిన పనిని బడిలో పర్యావరణం పేరుతో మళ్ళీ వాళ్ళ మీదే మోపితే, ఆ పిల్లలు క్లబ్బుకు దూరంగా ఉండటమే ఆత్మగౌరవం. పనుల చీటీలు తీయండి. మీ చీటీ, హెడ్మాస్టరు గారి చీటీ కూడా డబ్బాలో వేయండి. డొక్కా సీతమ్మ గారి పేరున నడుస్తున్న మధ్యాహ్న భోజనంలో ఎంత అన్నం పారబోస్తున్నారో కాటా మీద తూచే పని చీటీల్లో చేర్చండి. చదువులో వెనకబడ్డారనో, బుద్ధి ఎదుగుదల నెమ్మదనో పక్కన పెట్టిన పిల్లలకు రోజూ ఒకే వేళకు ఒకే తీరున చేసే పని బాగా కుదురుతుంది. వాళ్ళలో ఒకరిని ఆ తూకానికి శాశ్వతంగా పెట్టినా మంచిదే, అంకె మాత్రం బోర్డు మీద వాళ్ళ చేత్తోనే రాయించండి.

అలాగే ‘నేను వదులుకున్న మూడు వస్తువులు’ లాంటి ప్రతిజ్ఞలు చేయించకండి. తాటాకు ఇంట్లో ఒక్క ఫ్యాను కింద అయిదుగురు పడుకునే పిల్లాడితో కరెంటు ఆదా చేస్తానని ప్రమాణం చేయించడం నాకు నచ్చదు. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తే ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైమాటే, అమెరికాలో దాదాపు 14 టన్నులు. మన దేశంలోనూ ఏసీ కారులో తిరిగే ఇంటికీ, వేటకో కూలికో వెళ్ళే ఇంటికీ పొంతన లేదు. ఈ సంగతి పిల్లలకు తెలియాలి. తెలిస్తే పేదింటి పిల్లలు తప్పు చేసినట్టు కాకుండా, అడిగే హక్కున్నవాళ్ళలా నిలబడతారు. పిల్లల హక్కుల ఒప్పందంలో తమకు సంబంధించిన విషయాల్లో మాట చెప్పే హక్కు ఉంది. 2023లో ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల కమిటీ వాతావరణ మార్పు విషయంలో కూడా అది వర్తిస్తుందని ప్రత్యేకంగా వివరించింది. ఆ పత్రం రాయడానికి ముందు 121 దేశాల పిల్లల మాటలు సేకరించారు. మీ బడిలో ఎకో క్లబ్బు ఏ పని చేయాలో ఓటు వేయించే రోజున ఈ సంగతి చెప్పండి. చేతులెత్తించే ఓటు వద్దు, పక్కవాణ్ణి చూసి ఎత్తుతారు. పనికొక డబ్బా పెట్టి గింజ వేయించండి.

‘మన ఊరు మునిగిపోతుందా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నను దాటెయ్యకండి. సముద్రం పెరుగుతోందనీ, ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాకు కొత్త మట్టి రావడం తగ్గిందనీ ఉన్నదున్నట్టు చెప్పండి. వెంటనే, ఏం చేయగలమో ఆ జాబితా ముందు పెట్టండి. గట్టు, డ్రైను, షెల్టరు, మడచెట్లు, హెచ్చరిక. మడ మొక్కలు మాత్రం ఉత్సాహం కొద్దీ బురదలో గుచ్చి రావొద్దు. తెల్లమడ ఎక్కడ, ఉప్పుపొన్న ఎక్కడ అన్నది పోటు ఎంతసేపు నిలుస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. అటవీ శాఖ వాళ్ళను అడిగి, వాళ్ళ వెంటే వెళ్ళండి.

హెడ్మాస్టరు గారి దగ్గరికి ఆదర్శాలతో వెళ్ళకండి. ఆయనకు పదో తరగతి ఫలితాలు, అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలు అనే రెండు బరువులున్నాయి. హాజరు లెక్క తొమ్మిది, పది తరగతుల సాంఖ్యక శాస్త్రానికి నేరుగా అభ్యాసం, సగటూ మధ్యగతమూ మీ ఊరి అంకెలతోనే వస్తాయి. టీడీఎస్ కొలత రసాయన శాస్త్రం, లంకల పటం సాంఘిక శాస్త్రం. ఎఫ్.ఎ. (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల్లో ప్రాజెక్టు పనికి ఎలాగూ చోటుంది. లెక్కల టీచరుతో, సోషల్ టీచరుతో ముందే మాట్లాడుకుని ముగ్గురూ కలిసి వెళ్ళండి. ఫొటోలు కూడా ర్యాలీ ఫొటోలకంటే బాగానే వస్తాయి, పిల్లల ముఖాలు దగ్గరనుంచి తీసేటప్పుడు తల్లిదండ్రుల్ని అడగడం మరవొద్దు.

ఆ పన్నెండు మందిని పక్కన పెట్టొద్దు. వాళ్ళకు మాట, రాత వచ్చు. లంక పిల్లలు చెప్పింది అర్జీగా రాయడం, ముడుల లెక్కను గ్రాఫుగా గీయడం, తహసీల్దారు గారికి చదివి వినిపించడం వాళ్ళ పని. రాసినదాన్ని, ఆ సంగతి చెప్పిన పిల్లలకే తిరిగి చదివి వినిపించి ‘నువ్వన్నది ఇదేనా?’ అని అడిగాకే సంతకం పెట్టాలని మాత్రం నియమం పెట్టండి. ఇన్నాళ్ళూ మాట్లాడే అలవాటే ఉన్న ఆ పిల్లలకు ఇది కష్టంగానే ఉంటుంది, మొదట్లో మీరు పక్కన కూర్చోవాల్సి వస్తుంది.

అన్నీ ఈ ఏడే చేయాలని చూడకండి. ఈ వారం రిజిస్టర్లు తీయండి, వానడబ్బా పెట్టండి. వచ్చే వారం భవిత కేంద్రం టీచరుకు ఫోను చేయండి. షెల్టరు కొలిచే పని అక్టోబరు రాకముందే పూర్తి కావాలి, ఆ తర్వాత అర్జీ ఇస్తే ర్యాంపు కట్టేలోపు తుఫాను వచ్చేస్తుంది. మీటరు దసరా సెలవుల తర్వాత కొన్నా ఫరవాలేదు. హాజరు లెక్కలో మీ పిల్లలకు ఏం కనిపించిందో నాకు రాయండి. ముఖ్యంగా కాజ్‌వే ఎన్ని లక్షల దగ్గర మునుగుతుందన్నారో రాయండి.